వేలు పెట్టి చదివిన పిల్ల

చదవడమంటే వేలు కదలడం అని అంతోనమ్మ చిన్నప్పుడే స్థిరపరచుకుంది. పెనుగొలనులో ఆమె పుట్టిన పేటలో చదువొచ్చిన మనిషి ఒక్కడే, ఉపదేశి అంతోనయ్య. ఫాదరు ఎప్పుడో నెలకోసారి వచ్చే ఆ చిన్న చర్చిలో మిగతా ఆదివారాలు ప్రార్థన నడిపేది ఆయనే. కళ్ళజోడు ముక్కు చివరికి జారేది. కుడిచేతి చూపుడువేలు పుస్తకం మీద నెమ్మదిగా పాకి, వరస చివర కాస్త ఆగి, మళ్ళీ మొదటికొచ్చి కింది వరస పట్టుకునేది. చాప మీద ముందు వరసలో కూర్చున్న పిల్లకి ఆయన మాటల కన్నా ఆ వేలే బాగా అర్థమయ్యేది. వేలు ఆగితే మాట ఆగేది. వేలు నడిస్తే దేవుడు మాట్లాడేవాడు.

ఇందులో నవ్వడానికేమీ లేదు. తాటాకుల కాలంలో మన పెద్దలు కూడా చదువంటే పైకి వినపడేట్టు చదవడమే అనుకున్నారు. పెదవి మెదపకుండా గ్రంథం చూస్తూ కూర్చునే మనిషిని పూర్వం కొన్ని దేశాల్లో వింతగా చెప్పుకునేవారట. ఇక వేదాలంటారా, వేల ఏళ్ళు చెవి నుంచి చెవికే నడిచాయి. వాటిని నేర్చినవాళ్ళని చదువురానివాళ్ళని ఎవరూ అనలేదు. ఏది చదువో, ఏది కాదో తేల్చేది ఆ కాలపు అవసరం. అంతోనమ్మ బిడ్డ పుట్టిన కాలం మాత్రం చెవిని లెక్కలోకి తీసుకోని కాలం.

అంతోనమ్మ బడికి పోలేదు. ఆమె తరవాత పుట్టినవాళ్ళని చంకన మోయడంతోనే ఆ వయసు గడిచిపోయింది. పెళ్ళయి తిరువూరు వచ్చింది. భర్త యేసుదాసు బోరుబండి మీద పనివాడు. ఏడాదిలో సగం రోజులు ఏ ఒరిస్సాలోనో, ఏ తెలంగాణలోనో నేలకి బొక్కలు పొడుస్తూ ఉంటాడు. ఇల్లు, పిల్లలు, పని, చర్చి, అన్నీ ఆమెవే. పనంటే ఎక్కువగా మామిడి పని. తిరువూరు చుట్టూ మెట్ట నేల. కాలవ కింద వరి పండే కృష్ణా వేరు, ఈ ఎర్రమట్టి కృష్ణా వేరు. జిల్లాకి పేరు మార్చినా మట్టి రంగు మారలేదు. విస్సన్నపేట దాటి రెడ్డిగూడెం దాకా తోటలే తోటలు. మగవాళ్ళు చివర వల సంచి కట్టిన చిక్కం కర్రలతో కాయ దించితే ఆడవాళ్ళు తొడిమ విరిచి, సొన కారనిచ్చి, రకం చూసి, ట్రేలలో పాత పేపర్లు పరిచి పేరుస్తారు. సొన పడిన చోట చర్మం కాలుతుంది, నల్లమచ్చ మిగులుతుంది. అంతోనమ్మ ముంజేతుల మీద అలాంటి మచ్చలు ఎన్నో. వాటిని చూపించి కూతురు గ్లోరితో అనేది, "నీ చేతుల మీద ఇలాటియ్యి పడకూడదే. పెన్ను మరకలు పడాలి."

గ్లోరికి ముందు పుట్టినవాడు డానీ. చురుకైనవాడే గాని స్థిమితం తక్కువ. ఊళ్ళో తెలుగు మీడియం ఇంకా మిగిలున్న ఒక ప్రైవేటు హైస్కూల్లో చదివేవాడు. గ్లోరి పేట పక్కనే ఉన్న సర్కారు బళ్ళో. సాయంత్రం పని నుంచి రాగానే కాళ్ళు కడుక్కుని, అంతోనమ్మ కూతుర్ని గడపలో కూర్చోబెట్టుకునేది.

"పుస్తకం తియ్యి. వేలు పెట్టి చదువు."

రెండో తరగతి పిల్ల వేలు పెట్టి చదివేది. తడుముకుంటూ, కూడబలుక్కుంటూ, ఒక్కోచోట ఏడుపు మొహం పెట్టి. పక్కింటి శౌరమ్మ పళ్ళలో పుల్ల పెట్టుకుని చూస్తూ, "చదివించావులే కలెక్టరుని! బియ్యం ఏరవే, చీకటి పడతంది," అనేది. అంతోనమ్మ ఆ మాటకి నవ్వేదే తప్ప కదిలేది కాదు. తడుముకుంటున్నా ఆ వేలు కదులుతోంది. తన ఇంట్లో, తన గడపలో.

ఆ ఏడు ఎండాకాలం ఇంకా ముదరకముందే కరోనా అంటూ బళ్ళు మూసేశారు. రెండు వారాలన్నారు, తరవాత వేసవి అయ్యాకన్నారు. పూర్వం గత్తర వస్తే జనం ఊరు ఖాళీ చేసి పొలాల్లో గుడిసెలు వేసుకునేవాళ్ళు. రోగం తగ్గగానే తిరిగొచ్చేవాళ్ళు. వదిలి వెళ్ళినవన్నీ దాదాపు అక్కడే ఉండేవి. ఈసారి జనం ఇళ్ళలోనే ఉండిపోయారు. కొన్ని మాత్రం వాళ్ళని వదిలి వెళ్ళిపోయాయి. ఏవి వెళ్ళాయో వెంటనే తెలియలేదు.

ఫోన్లో పాఠాలన్నారు. ఇంట్లో అలాంటి ఫోను ఒకటే. యేసుదాసు ఎక్కడో బోరు దగ్గర నుంచి మామూలు ఫోన్లో తీర్పు చెప్పాడు.

"పెద్దోడికి పది. పది పోతే అన్నీ పోయినట్టే. చిన్నదానికేముంది, మూడో తరగతేగా! బడి తెరిచాక చదువుకుంటది."

ఆ సంవత్సరం ఎన్ని ఇళ్ళలో ఎంతమంది ఇదే మాట అన్నారో. అన్నవాళ్ళలో చెడ్డవాళ్ళు లేరు. అంతోనమ్మకీ అది సబబుగానే తోచింది. ఫోను డానీది అయింది.

పేటలో సిగ్నలు సరిగా అందదు. నీళ్ళ ట్యాంకు మెట్ల మీద ఐదారు మెట్లెక్కితే అందుతుంది. పొద్దున్నే పేట పిల్లలంతా ఆ మెట్ల మీద పిట్టల్లా వాలేవారు. డానీ ఫోనుని మెట్టు మీద ఇటుకకి ఆనించి, గొంతు పెంచి పెట్టి, నాలుగు రోజులు బుద్ధిగా విన్నాడు. ఐదో రోజుకి ట్యాంకు వెనక క్రికెట్టు మొదలైంది. అప్పటి నుంచి ఫోను ముందు కూర్చునేది గ్లోరి. అమ్మ పనికి పోతే చెల్లెల్ని చూసుకోవడం ఎలాగూ డానీ వంతే. చెల్లెలు ఫోనుని చూసుకుంటే అతనికి రెండు పనులూ తీరిపోయాయి.

"పేరు పిలిస్తే నన్ను కేకెయ్యి. లేకపోతే నీ వీపు పగులుద్ది."

సారు హాజరు పిలిచేవాడు. గ్లోరి మెట్ల మీద లేచి నిలబడి, "అన్నా! పిలుస్తున్నారూ!" అని అరిచేది. డానీ బ్యాటు పారేసి పరిగెత్తుకొచ్చి, రొప్పుతూ "ప్రజెంట్ సార్" అనేసి మళ్ళీ పరుగు. మిగతా గంటంతా, ఆ తరవాత గంటా, ఆ ఇటుక ముందు మూడో తరగతి పిల్ల ఒక్కతే కూర్చుని పదో తరగతి పాఠాలు వినేది. గ్లోరి తరగతికీ గ్రూపు ఉంది. ఆ టీచరు కాగితాలు ఫోటోలు తీసి పంపేది. అవి వచ్చినప్పుడల్లా డానీ బొటనవేలు బొమ్మ నొక్కేవాడు. చూశామని గుర్తు. ఎవరూ చూడలేదు.

పిల్లకి చెవి గట్టిది. విన్నది విన్నట్టు నిలిచిపోయేది. ఒక సాయంత్రం గడపలో అంతోనమ్మ అలవాటు ప్రకారం "వేలు పెట్టి చదువు" అంది. గ్లోరి తన అన్న పుస్తకం తీసి, వేలు పెట్టి, గడగడా అందుకుంది.

"గుండె నాలుగు గదులున్న కండరం. పై గదులు కర్ణికలు, కింది గదులు జఠరికలు. ఎడమ జఠరిక గోడలు మిగతావాటి కన్నా మందం. ఎందుకంటే అది రక్తాన్ని ఒళ్ళంతటికీ పంపాలి..."

తడుముకోవడం లేదు. ఏడుపు మొహం లేదు. వేలు వరస చివర ఆగి, మొదటికొచ్చి, కింది వరస పట్టుకుంటోంది, అచ్చం అంతోనయ్య వేలులా. అంతోనమ్మ చేతిలో చేట అలాగే ఉండిపోయింది. శౌరమ్మ నోట్లో పుల్ల కూడా కదల్లేదు. కాసేపటికి శౌరమ్మే తేరుకుని, "ఏమే, నీ కూతురు డాక్టరైతే మాకు సూదులు ఊరికే వేయించాలి, ముందే చెబుతున్నా," అంది.

పేట చర్చిలో పిల్లలు వాక్యాలు కంఠతా పట్టి అప్పజెబుతారు. తప్పు లేకుండా చెప్పినవాళ్ళకి స్టీలు గ్లాసో, గిన్నో బహుమతి. తరాల తరబడి ఆ జనానికి చదువు అందిన దారి అదే. నోటికొస్తే వచ్చినట్టే. ఆ కొలబద్దతోనే అంతోనమ్మ కూతుర్ని కొలిచింది. ఆమె దగ్గరున్న కొలబద్ద అదొక్కటే.

మరుసటి వేసవి రెండో విడత రోగం ఊపేస్తున్నా మామిడి ఆగలేదు. కాయ పండాక ఎవరి మాటా వినదు. రెడ్డిగూడెం దగ్గర తోట ఆసామి వెంకటప్పయ్యగారు మాస్కు గడ్డం కిందికి లాక్కుని దూరంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మధ్యలో కొన్నాళ్ళు తెరిచిన బళ్ళు మళ్ళీ మూశారు గనక గ్లోరి కూడా తల్లితో వచ్చింది. శౌరమ్మ ఊరుకోలేదు.

"అయ్యగారండీ, మా అంతోనమ్మ కూతురు పదో తరగతి పాఠం చెబుతదండీ. చదివేది మూడే!"

"ఏదీ, చెప్పమ్మా చూద్దాం," అన్నాడాయన, సరదాకి.

పిల్ల చేతులు కట్టుకుని గుండె పాఠం మొదలుపెట్టింది. కోసేవాళ్ళు చిక్కాలు దించి విన్నారు. కవాటాలు ఎలా తెరుచుకుంటాయో, రక్తం ఏ దారిన ఊపిరితిత్తులకి పోతుందో, పొల్లు పోకుండా చెప్పింది. వెంకటప్పయ్యగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"ఓరి దీని బుర్ర బంగారంగానూ! మా మనవడు హర్షవర్ధన్‌కి లాప్‌టాప్ కొనిచ్చామమ్మా, ప్రత్యేకం ఏసీ గది. నోరు తెరిస్తే ఆవలింతే. ఒరే, ఈ పిల్లకి బంగినపల్లి ఒక బుట్ట కట్టండ్రా."

ఆ సాయంత్రం బుట్ట నెత్తిన పెట్టుకుని ఆటో దిగి పేటలోకి నడిచిన అంతోనమ్మని చూసినవాళ్ళు చెబుతారు, ఆమె నడకే వేరని. ఆమె బతుకులో అంత వెలుగున్న రోజు ఇంకొకటి లేదు. తరవాత కూడా రాలేదు.

ఆ ఏడు పది పరీక్షలు జరగలేదు. అందరూ పాసన్నారు. డానీ కూడా పాసే. ఎవరి కోసం ఫోను వదులుకున్నారో అతనికి ఆ ఫోను అవసరమే లేకపోయింది. గ్లోరీ పాసే. బడి తెరిచేసరికి నాలుగో తరగతి.

నాలుగులో ఎవరూ కనిపెట్టలేదా అని అడగొచ్చు. గది నిండా పిల్లలు. బోర్డు మీద ఉన్నది చూసి రాయమంటే గ్లోరి అందరికన్నా అందంగా రాసేది, ముగ్గు వేసినంత శ్రద్ధగా. పాఠం చదవమంటే ముందు నలుగురు చదివేదాకా ఆగి, ఐదోదిగా లేచేది. అప్పటికి నోటికొచ్చేసేది. మోసం చేస్తున్నానని ఆ పిల్లకి తెలియదు. అందరూ ఇలాగే చదువుతారని అనుకుంది. అమ్మ మెచ్చుకుంది. ఆసామి మెచ్చుకున్నాడు. పెద్దవాళ్ళంతా ఇదే చదువంటుంటే కాదనడానికి తనెవరు?

ఆ వేసవిలో పేట పిల్లలకి మొదటి సత్ప్రసాదం పండగ వచ్చింది, పూజలో ఫాదరు పంచే అప్పాన్ని తొలిసారి అందుకునే రోజు. ఆడపిల్లలకి తెల్లగౌన్లు, తలమీద తెల్ల మేలిముసుగు, చేతిలో కొవ్వొత్తి. పూజలో పీఠం పక్కన నిలబడి బైబిల్లోంచి మొదటి పఠనం చదవడానికి గ్లోరిని ఎంచారు. రెండో పఠనం రుచిత అనే ఇంకో పిల్లది. ఈ సంగతి విన్న రోజున అంతోనమ్మ పుట్టింటివాళ్ళందరికీ కబురు పెట్టింది. వాళ్ళ వంశంలో పీఠం దగ్గర పుస్తకం విప్పిన ఆడది లేదు, మగవాడూ లేడు. డానీ ఆ పేజీని ఫోన్లో చదివి రికార్డు చేసిపెట్టాడు. "నన్ను వదిలెయ్, ఇది విని నేర్చుకో," అన్నాడు. ఆ మాటలో దోషం అతనికి తోచలేదు.

ఆ ఆదివారం పొద్దున చర్చి కిటకిటలాడింది. అంతోనమ్మ ఆడవాళ్ళ వైపు ముందు వరసలో, పుట్టింటివాళ్ళ మధ్య. గ్లోరి మెట్టెక్కింది, పుస్తకం మీద వేలు పెట్టింది. ఎడారిలో ఆకలేసి ఏడ్చిన జనానికి ఆకాశం నుంచి రొట్టె కురిసిన కథ. మైకులో ఆ గొంతు తేనెలా పారింది. శౌరమ్మ అంతోనమ్మని మోచేత్తో పొడిచింది. అంతోనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కీర్తన పాడుతుండగా రుచిత తూలి పడిపోయింది. సత్ప్రసాదం తీసుకునే రోజు పొద్దుట్నుంచీ పిల్లలకి మంచినీళ్ళు కూడా పోయరు. అలా అని ఫాదరు చెప్పలేదు, పేట అమ్మలు పెట్టుకున్న పట్టింపు అది. పైన రేకులు, బయట ఎండ. రుచితని ఎత్తుకుని బయటికి తీసుకుపోయారు. ఫాదరు గ్లోరి వైపు చెయ్యి ఊపి, పేజీ తిప్పి, నవ్వుతూ అన్నాడు, "బాగా చదివావమ్మా. రెండోది కూడా నువ్వే చదివెయ్యి."

గ్లోరి పుస్తకం చూసింది. తల్లి వైపు చూసింది. అంతోనమ్మ తల ఊపింది, చదువు, చదువు, అని.

పిల్ల వేలు పెట్టింది. వేలు కదిలింది. మైకులోంచి మళ్ళీ ఎడారి, మళ్ళీ ఆకలి, మళ్ళీ ఆకాశం నుంచి రొట్టె. ఇంతకుముందు చదివినదే, అక్షరం తేడా లేకుండా. జనం మొహాలు చూసుకున్నారు. ఎవరో నవ్వారు. కంగారు పడిందిలే పాపం అనుకున్నారు చాలామంది. ఫాదరూ అదే అనుకుని మెల్లగా వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

అంతోనమ్మ మాత్రం వేలు చూస్తోంది. వరస చివర ఆగింది, మొదటికొచ్చింది, కింది వరస పట్టుకుంది. పేజీ వేరు. మాటలు పాత పేజీవి. వేలు మాత్రం ఏమీ జరగనట్టే కొత్త పేజీ మీద బుద్ధిగా నడుస్తోంది. చర్చిలో అందరికన్నా చదువు తక్కువైన మనిషికి ఆ క్షణాన మొత్తం తెలిసిపోయింది.

పండగ భోజనం ఎలా జరిగిందో ఆమెకి గుర్తు లేదు. చుట్టాలు వెళ్ళిపోయాక గడపలో కూతుర్ని కూర్చోబెట్టుకుంది. తెల్లగౌను ఇంకా విప్పలేదు.

"చెప్పమ్మా. నిన్నేమీ అనను. నీకు చదవడం వచ్చా?"

"అక్షరాలు వచ్చు అమ్మా. అక్షరం కింద ఇంకోటి వేలాడుతుందే, అదొస్తే ఆగిపోతాను. అవి చెప్పబోతుంటే బడి మూసేశారు."

"మరి రోజూ నాకు చదివి వినిపించేదానివిగా?"

"వచ్చింది చెప్పేదాన్ని."

"వేలు కదిలేదిగా తల్లీ?"

గ్లోరి ఆశ్చర్యంగా చూసింది. "నువ్వే వేలు పెట్టమన్నావుగా."

డానీ తలుపు పక్కన నిలబడి ఉన్నాడు. "నాకేం తెలుసమ్మా," అన్నాడు, ఎవరూ అడగకుండానే. "వింటుంటే చదువుకుంటందిలే అనుకున్నా." ఆ రాత్రి అన్నం తినలేదు. మర్నాడు చెల్లెలికి వత్తులు నేర్పుతానని కూర్చున్నాడు. అరగంటకి విసుక్కున్నాడు, గంటకి అరిచాడు, తరవాత బయటికి వెళ్ళి గోడకి తల ఆనించి నిలబడ్డాడు. నేర్పడం వేరే విద్య. అది అతనికీ ఎవరూ నేర్పలేదు.

బడి తెరిచాక అంతోనమ్మ కూలి మానుకుని వెళ్ళి ఐదో తరగతి టీచరు కరుణశ్రీగారి ముందు నిలబడింది.

"మా పిల్లని రెండో తరగతిలో కూర్చోబెట్టండి టీచరుగారూ."

"అలా వెనక్కి పంపే పద్ధతి లేదమ్మా. అయినా ఇంత పొడుగు పిల్ల ఆ చిన్నవాళ్ళలో ఎలా కూర్చుంటుంది?"

"కూర్చుంటదండీ. నేను చెబుతాను. ఆ రెండేళ్ళు మాకు తిరిగి ఇప్పించండి, చాలు."

కరుణశ్రీగారు కూడా ఆ రోజుల్లో ఇంటి గోడకి ఫోను కట్టి, ఎదురుగా ఎవరున్నారో తెలియని చీకటికి పాఠాలు చెప్పిన మనిషే. "మీ అమ్మాయి ఒక్కతే కాదు అంతోనమ్మగారూ," అంది. "కొందరు బయటపడ్డారు, కొందరు పడలేదు. మధ్యాహ్నం అన్నాలయ్యాక నా దగ్గర కూర్చోబెట్టుకుంటాను. పంపండి."

తనని 'గారూ' అన్న మనిషిని అంతోనమ్మ జీవితంలో మొదటిసారి చూసింది.

ఆ కొన్నాళ్ళూ మంచి రోజులే. గ్లోరి బస్సు మీద పేరు కూడబలుక్కుని చదివింది. 'విస్సన్నపేట' దగ్గర ఆగి, ఊపిరి పీల్చుకుని, దాటేసింది. అంతోనమ్మ బస్టాండులో అందరి ముందూ కూతుర్ని వాటేసుకుంది. కాని టీచర్ల సర్దుబాట్లు వచ్చాయి, కరుణశ్రీగారిని వేరే మండలానికి వేశారు. వెళ్ళే రోజు ఆమె గ్లోరికి బొమ్మల కథల పుస్తకం ఇచ్చి, "రోజుకో పేజీ," అంది. ఆమె చోటికి వచ్చినాయన మంచివాడే. ఆయనకి రెండు తరగతులు ఒక్క గదిలో.

ఆరో తరగతికి హైస్కూలు. పుస్తకంలో ఒక పక్క ఇంగ్లీషు, ఎదురుగా అదే తెలుగులో. పిల్లలకి సుళువుగా ఉండాలని అలా వేశారు. గ్లోరికి మాత్రం అవి పక్కపక్కనే మూసి ఉన్న రెండు తలుపులు. గంటకో సారు మారతాడు, ఎవరి పాఠం వాళ్ళు చెప్పి పోతారు. చదవమంటే ఇప్పుడు పేర్ల వరసన లేపుతారు, ఐదోదిగా లేవడానికి వీల్లేదు. ఒకరోజు లేపారు. నిలబడింది. గుండె పాఠం చెప్పిన నోరు పెగల్లేదు. వెనక బల్ల నుంచి ఎవరో, "రొట్టె కథ చెప్పవే," అన్నారు. చర్చి సంగతి బడిదాకా వచ్చిందన్నమాట. తరగతంతా నవ్వింది.

ఆ తరవాత కడుపు నొప్పి మొదలైంది. సోమవారం పొద్దున నొప్పి, సెలవైతే తగ్గేది. అంతోనమ్మ తిట్టింది, బతిమాలింది, ఒకసారి కొట్టి తనే ఏడ్చింది. ఏడాదిన్నర అలా ఈడ్చారు. కిందటి వేసవిలో సెలవులకి తోటకొచ్చిన పిల్ల బడి తెరిచిన రోజున దాని గేటు ముందు ఆటోలోంచి దిగలేదు. ఆ ఆటో డానీదే. ఇంటర్లో తప్పి, కిస్తీల మీద తీసుకుని, కూలీలని తోటలకి తిప్పుతున్నాడు. అద్దంలోంచి చెల్లెల్ని చూశాడు. "దిగవే," అన్నాడు. దిగలేదు. అంతోనమ్మ రోడ్డు మీద పుస్తకాల సంచీ పట్టుకుని నిలబడింది. లోపల శౌరమ్మ సర్దుకుని కాస్త చోటిచ్చింది. అంతోనమ్మ ఎక్కి కూర్చుంది. ఆటో కదిలింది.

ఈ ఏడు కాపు బాగా పడింది. వెంకటప్పయ్యగారికి మోకాళ్ళు పట్టేశాయి, కర్ర సాయంతో తోటకొచ్చాడు. ఎప్పట్లాగే చెట్టు కింద కుర్చీ. ట్రేలలో పేపర్లు పరుస్తున్న పిల్లని కాసేపు చూసి గుర్తుపట్టాడు.

"ఇది ఆ గుండె పాఠం పిల్ల కదూ! ఎంత ఎదిగిపోయావే! ఏదీ, వచ్చా ఇంకా? మర్చిపోయావా?"

ఆడవాళ్ళ చేతులు ఆగాయి. శౌరమ్మ, "ఎందుకులెండి అయ్యగారూ, ఎండన పడి చేస్తన్నాం," అని అడ్డుపడబోయింది. గ్లోరి తల ఎత్తలేదు. పాత పేపరు నిలువునా చింపి, ట్రే అడుగున పరిచి, అరచేత్తో చదును చేస్తూ మొదలుపెట్టింది.

"గుండె నాలుగు గదులున్న కండరం. పై గదులు కర్ణికలు, కింది గదులు జఠరికలు..."

ఒక్క మాట పోలేదు. గొంతు మారింది, పెద్దపిల్ల గొంతు. రక్తం వెళ్ళిన దారీ, తిరిగొచ్చిన దారీ, కవాటాల చప్పుడూ, అన్నీ ఉన్నాయి. చేతుల కింద పేపర్లో పెద్ద పెద్ద అక్షరాలు, ఎవరివో ఫోటోలు. వాటి మీద కాయలు పేరుస్తోంది. ముంజేతి మీద సొన మచ్చ, ఇంకా తాజాగా ఎర్రగా ఉంది.

అంతోనమ్మ పక్క వరసలో తొడిమలు విరుస్తోంది. ఒకప్పుడు ఈ మాటలకే ఆమె మామిడి బుట్ట నెత్తిన పెట్టుకుని రాణిలా నడిచింది. ఇప్పుడు ఒక్కో మాటా వింటూ కాయ మీద నుంచి చూపు తిప్పలేదు.

పాఠం అయిపోయింది. వెంకటప్పయ్యగారు కర్ర నేలకేసి కొట్టి సంతోషించాడు.

"చెక్కుచెదరలేదే! ఏం బుర్ర, ఏం బుర్ర! ఎందాకా చదివిందమ్మా అంతోనమ్మా?"

అంతోనమ్మ చేతిలో కాయని బోర్లించి సొన అంతా కారనిచ్చింది.

"పదో తరగతి దాకా విన్నదండీ," అంది.